బంగాళాఖాతంలో చేప ఎక్కడ ఉంటుంది, అక్కడే ఎందుకు ఉంటుంది?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఉప్పాడలో మీ నాన్నగారికి ఫైబర్ బోటు ఉందన్నారు. ఉపగ్రహం చూసి చెప్పే చేపల జాడ పట్టుకుని వేటకు వెళితే ఒక రోజు బోటు నిండుతోంది, ఇంకో రోజు అదే నమ్మకంతో వెళితే డీజిల్ డబ్బులు కూడా రావడం లేదు, ఎందుకని అడిగారు. కేరళ వాళ్ళకు పడినన్ని కవళ్ళు (సార్డిన్ చేపలు) మనకెందుకు పడవన్నది రెండో ప్రశ్న. మీ నాన్నగారు నీళ్ళలో చెయ్యి పెట్టి చూశాకే వల వేస్తారట, అందులో నిజం ఉందా లేక ఉత్త అలవాటా అన్నది మూడోది.

నేను ముప్ఫై ఏళ్ళ పాటు పరిశోధన నౌకల మీద తిరిగినవాడిని. నీటి వేడి, ఉప్పదనం కొలవడం, సన్నకన్ను వలలతో ప్లవకాలు పట్టి సీసాల్లో పెట్టడం నా పని. చేపలు పట్టడం నాకు రాదు, ఆ విద్యలో మీ నాన్నగారి ముందు నేను పిల్లవాణ్ణి. చేప ఒకచోట ఎందుకు గుమిగూడుతుందో మాత్రం చెప్పగలను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

సముద్రాన్ని కూడా పొలం లాగే చూడండి. పంటకు ఎండ కావాలి, ఎరువు కావాలి. పొలంలో ఆ రెండూ ఒకేచోట ఉంటాయి. సముద్రంలో ఎండ మేడ మీద, ఎరువు నేలమాళిగలో. ఎంత తేట నీరైనా మొక్క బతికేంత వెలుగు వంద మీటర్లు దాటి దిగడం అరుదు. గోదావరి బురద కలిసిన చోట నాలుగైదు మీటర్లకే చీకటి పడుతుంది. నైట్రేటు, ఫాస్ఫేటు, సిలికా లాంటి పోషకాలేమో, చచ్చినవన్నీ కిందికి దిగి కుళ్ళడం వల్ల లోతుల్లో పోగుపడతాయి. పైన ఉన్న కాస్త ఎరువును ఎప్పటికప్పుడు తినేసేవాళ్ళు అక్కడే ఉంటారు. అందుకని ఏ సముద్రం గురించైనా నేను మొదట అడిగేది ఒక్కటే: ఇక్కడ కింది ఎరువును పైకి ఎత్తేది ఎవరు?

సముద్రంలో పంట అంటే కంటికి ఆనని వృక్ష ప్లవకాలు. ప్లవకం అంటే ప్రవాహానికి ఎదురీదలేక నీటితోపాటు కొట్టుకుపోయే ప్రాణి. వీటిని జంతు ప్లవకాలు తింటాయి, ముఖ్యంగా కోపిపాడ్ అనే బియ్యపు గింజంత కూడా ఉండని రొయ్య చుట్టాలు. వాటిని నెత్తళ్ళు, కవళ్ళు, కానగడతలు తింటాయి. వీటి వెనక సూరలు (ట్యూనా చేపలు), వంజరాలు వస్తాయి. మెట్టు మెట్టుకూ పదో వంతే మిగులుతుందని మోటు లెక్క. అంటే పది కిలోల మేత తింటే ఒక కిలో ఒళ్ళు. ఒక కిలో సూర వెనక ఎన్ని వందల కిలోల పచ్చదనం ఉండాలో మీరే గుణించుకోండి. చేప ఎక్కడ ఉంటుందన్న ప్రశ్న అందుకే చివరికి నీరు ఎలా కదిలిందన్న ప్రశ్న దగ్గరికి వచ్చి ఆగుతుంది.

ఇప్పుడు కేరళ సంగతి. రెండు సముద్రాలూ ఒకే అక్షాంశాల్లో, ఒకే రుతుపవనం కింద ఉన్నాయి. తేడా అంతా పై నీటిలోనే ఉంది. అరేబియా సముద్రంలో ఆవిరైపోయే నీరు ఎక్కువ, నదుల నుంచి వచ్చి చేరేది తక్కువ. అక్కడ పై నీటిలో కిలోకు 36 గ్రాముల వరకు ఉప్పు ఉంటుంది. మన వైపు అంతా తలకిందులు. గంగా బ్రహ్మపుత్రలు కలిసి ఏటా సుమారు లక్ష కోట్ల ఘనపు మీటర్ల నీరు తెచ్చి పోస్తాయి. మనకు అలవాటైన కొలతలో 35 వేల టీఎంసీలు. గోదావరి తెచ్చేది అందులో ఇంచుమించు పదో వంతు. ఇవి కాక ఐరావతి, మహానది, కృష్ణ, పైన కురిసే వాన. వానాకాలం చివరికి బంగాళాఖాతం ఉత్తర భాగంలో పై నీటి ఉప్పు 30 గ్రాములకు, కొన్నిచోట్ల ఇంకా కిందికి పడిపోతుంది.

ఉప్పు తక్కువైతే ఏమవుతుంది? ఆ నీరు తేలికవుతుంది. తేలికైన నీరు పైన పొరలా నిలిచిపోతుంది. ఆవకాయ జాడీ గుర్తు తెచ్చుకోండి. కారం, ముక్క అడుగున ఉంటే నూనె పైన తేలుతూ మూత వేసినట్టు ఉంటుంది. గరిటె పెట్టి అడుగు నుంచి తిప్పితే తప్ప కారం పైకి రాదు. బంగాళాఖాతం అలాంటి జాడీ. పైగా దాన్ని తిప్పాల్సిన గాలి మన వైపు బలహీనం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అరేబియా మీద, సోమాలియా తీరం నుంచి గుజరాత్ వైపు, ప్రపంచంలోనే పేరున్న గాలి ధార ఒకటి వీస్తుంది. మనకు చేరేసరికి దాని ఊపు తగ్గిపోతుంది. వాళ్ళకి నూనె తక్కువ, గరిటె పెద్దది. మనకి నూనె ఎక్కువ, గరిటె చిన్నది.

గాలి నీటిని ఎలా తిప్పుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరపడతారు. గాలి ఎటు వీస్తే పై నీరు అటే పోతుందనుకుంటాం. భూమి తిరగడం వల్ల మన ఉత్తరార్ధగోళంలో పై పొర మొత్తంగా చూస్తే గాలి పోయే దారికి కుడివైపుకు జరుగుతుంది. కేరళ తీరం వెంట వానాకాలంలో గాలి ఉత్తరం నుంచి దక్షిణానికి సాగుతుంది, కుడివైపు పడమటి సముద్రం. పై నీరు తీరం వదిలి లోపలికి జరుగుతుంది, ఖాళీ అయిన చోటును నింపడానికి కింద నుంచి చల్లటి, ఎరువున్న నీరు పైకి వస్తుంది. దీన్ని ఊటనీరు అందాం. ఇలాంటి ఊట ప్రాంతాలు ప్రపంచ సముద్రాల వైశాల్యంలో ఒకటి రెండు శాతమే, సముద్రపు చేపల్లో మాత్రం దాదాపు ఐదో వంతు వాటిలోనే పడుతుంది. మలబారు తీరంలో జూన్‌లో ఊట మొదలవుతుంది, డయాటమ్‌లు అనే వృక్ష ప్లవకాలు విరగపండుతాయి, నూనె కవ్వ సరిగ్గా ఆ సమయానికే గుడ్లు పెడుతుంది. పిల్ల పుట్టేసరికి పళ్ళెంలో అన్నం.

అలాగని కేరళ వాళ్ళది ఎప్పుడూ పండగే అనుకోకండి. 2012లో ఆ రాష్ట్రంలో దాదాపు 4 లక్షల టన్నుల నూనె కవళ్ళు పడ్డాయి. 2021లో పడింది సుమారు 3,300 టన్నులు. సున్నాలు లెక్కపెట్టి మళ్ళీ చదవండి. మధ్యలో పసిఫిక్ నీరు వేడెక్కే ఎల్‌నినో ఏళ్ళు వచ్చాయి, ఊట తీరు మారింది, మేత తగ్గింది, పిల్ల చేపను పట్టేయడమూ తోడైంది. ఏది ఎంత భాగమన్నది శాస్త్రవేత్తల మధ్య ఇంకా తెగని వాదం. నార్వేకు చెందిన యొహాన్ యోర్ట్ 1914లోనే చెప్పిన మాట ఒకటుంది: ఒక ఏడాది చేప బాగా పడుతుందా లేదా అన్నది తల్లి చేపలు ఎన్ని ఉన్నాయన్న దానికంటే, గుడ్డు నుంచి బయటికొచ్చిన పిల్లకు మొదటి రోజుల్లో మేత దొరికిందా లేదా అన్న దాని మీద ఎక్కువ ఆధారపడుతుంది. నూరేళ్ళు దాటినా ఆ మాట మీద చర్చ నడుస్తూనే ఉంది.

మన తీరానికి వద్దాం. మనకు ఊట లేదనుకోవడం తప్పు. నైరుతి గాలి మన తీరం వెంట ఈశాన్యానికి పోతుంది, దాని కుడివైపు మన సముద్రమే. లెక్క ప్రకారం ఇక్కడా ఊట రావాలి. వస్తుంది కూడా. 1950లలో యూజీన్ లాఫాండ్ అనే అమెరికా సముద్ర శాస్త్రవేత్త విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చి, ఇక్కడి విద్యార్థులతో కలిసి మన తీరపు నీటిని కొలిచారు. వానాకాలానికి ముందు నెలల్లో నీరు పైకి ఉబకడం, వానాకాలం పోయాక తీరం దగ్గర నీరు కిందికి దిగిపోవడం ఆయన రాసిపెట్టారు. మార్చి, ఏప్రిల్, మే నెలల్లో విశాఖ తీరంలో నీరు ఉప్పగా, కాస్త చల్లగా ఉండి డయాటమ్‌లు పండే కాలం అది. ఆ రోజుల్లో తీరపు ప్రవాహం ఉత్తరానికి, ఒడిశా వైపు సాగుతుంది. మూత పల్చగా ఉండే సమయం కూడా అదే, ఎందుకంటే నదులు ఎండి ఉంటాయి. నైరుతి గాలి బలంగా వీచే వేళకేమో నదులు పొంగి మూత మందమవుతుంది. గరిటె చేతికొచ్చేసరికి నూనె పెరుగుతుందన్నమాట. మన దురదృష్టం అంతా ఈ ఒక్క ముక్కలో ఉంది.

అక్టోబరు వచ్చేసరికి ప్రవాహం తిరగబడి దక్షిణానికి పోతుంది. ఇక్కడ నాకు చాలా ఇష్టమైన ముచ్చట ఒకటి చెప్పాలి. 2005 మే నుంచి గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వాళ్ళు మన దేశ తీరంలో ఎనిమిది చోట్ల మత్స్యకారుల చేతికి సీసాలిచ్చి, ఐదు రోజులకొకసారి మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఒక సీసా నింపి ఇమ్మన్నారు. నౌక లేదు, యంత్రం లేదు. ఏళ్ళ తరబడి పోగైన ఆ సీసాల్లో తేలింది ఏమిటంటే, వానాకాలం చివర ఉత్తరాన ఉప్పు ఉన్నదానికంటే కిలోకు 10 గ్రాములకు పైగా తగ్గిపోతుంది, ఆ తీపి నీరు సుమారు వంద కిలోమీటర్ల వెడల్పు పట్టీలా మన తీరాన్ని ఒరుసుకుంటూ రెండున్నర నెలల్లో దేశం దక్షిణ కొస దాకా వెళుతుంది. సముద్రంలో నది అని పేరు పెట్టారు దానికి. మీ ఉప్పాడ ముందు నుంచి, అలల కింద నుంచి ఏటా ఒక నది వెళుతోంది. దసరా దాటాక కొన్నాళ్ళు వల తేలిపోతుందని, చేప పలచబడుతుందని నాతో అన్న సరంగులు ఉన్నారు. ఆ నీరు వచ్చే సమయం, వాళ్ళు చెప్పే సమయం దాదాపు ఒకటే.

ఇంకో సంగతి. మన తీరంలో నీరు పైకి లేస్తుందా దిగుతుందా అన్నది మన గాలి చేతుల్లోనే లేదు. భూమధ్యరేఖ దగ్గర గాలి మారితే అక్కడ పుట్టిన ఒక అల సుమత్రా తీరాన్ని తాకి, మయన్మార్, బంగ్లాదేశ్ అంచుల వెంట చుట్టి, నెలా రెండు నెలల్లో మన దగ్గరికి వస్తుంది. పైన చూస్తే సెంటీమీటర్ల ఎత్తు, కంటికి కనిపించదు. లోపల మాత్రం చల్లనీటి పొరను పదుల మీటర్లు పైకో కిందికో జరిపేస్తుంది. దీన్ని కెల్విన్ అల అంటారు. ఏటా ఒకే నెలలో ఒకేలా చేప పడకపోవడానికి ఇదొక కారణం.

మరి అంత గట్టి మూత ఉన్న సముద్రంలో అసలు చేప ఎలా బతుకుతోంది? పంటకు ఎరువు అందే దారులు ఉన్నాయి కాబట్టి. మొదటిది సుడులు. నది సుడి కాదు, వంద నుంచి రెండు మూడు వందల కిలోమీటర్ల అడ్డుకొలత ఉన్న పెద్ద నీటి చక్రాలు, నెలల తరబడి మెల్లగా తిరుగుతాయి. గడియారానికి ఎదురు దిశలో తిరిగే సుడి మధ్యలో కింది చల్లనీరు గుట్టలా పైకి లేస్తుంది. మూతను చింపకుండానే దాని కిందకు ఎరువు తెచ్చి పెడుతుంది. అలాంటి సుడిలో నీరు తోడి చూస్తే చుట్టుపక్కల కంటే పంట ఎక్కువ. కాని ఆ పంట నీటి పైన ఉండదు. బంగాళాఖాతంలో చాలాచోట్ల పచ్చదనం పోగయ్యేది నలభై నుంచి డెబ్భై మీటర్ల లోతున, అంటే ఇరవై నుంచి నలభై బారల కింద. ఎండ చివరి అంచు, ఎరువు మొదటి అంచు కలిసేది అక్కడే. ఉపగ్రహానికి అంత లోతు కనబడదు. బంగాళాఖాతాన్ని ఎడారి అని రాసేవాళ్ళ మీద నాకు కోపం రావడానికి కారణం ఇదే. పైనుంచి చూసి ఇల్లు ఖాళీ అనేస్తే ఎలా?

రెండోది తుపాను. 1999 ఒడిశా పెను తుపాను వెళ్ళాక దాని దారి వెంట నీరు పచ్చబడడం ఉపగ్రహం పట్టుకుంది. గాలి అంత పెద్ద గరిటె అయితే ఏ నూనె పొరా ఆగదు. కాకపోతే వానలు పోయిన వెంటనే వచ్చే తుపానుకు మూత మందంగా ఉంటుంది కాబట్టి చల్లనీరు పైకి రావడం తక్కువ, మే నెల తుపానుకు ఎక్కువ. తుపాను తర్వాత చేప బాగా పడుతుందని మీ ఊరి పెద్దలు అనడం వినే ఉంటారు. ఆ మాటలో పస ఉంది, అయితే మర్నాడే కాదు. దాని సంగతి కిందికి వచ్చాక చెబుతాను.

మూడోది నదీముఖం. గోదావరి ఎరువు మోసుకొస్తుంది, బురద కూడా మోసుకొస్తుంది. బురద ఉన్నంతసేపు వెలుగు దూరదు, పంట ఉండదు. బురద దిగిపోయి నీరు తేటపడే అంచున, ఎరువు ఇంకా మిగిలి ఉన్న చోట పచ్చదనం విరుచుకుపడుతుంది. ఆ అంచు రోజు రోజుకూ జరుగుతూ ఉంటుంది. పులస కథ కూడా ఈ నీటి కథే. సముద్రంలో ఇలస, ప్లవకాలను మొప్పలతో వడకట్టుకుని తినే చేప. వరద నీరు సముద్రంలోకి చొచ్చుకొచ్చాక ఆ తీపి జాడ పట్టుకుని గోదావరిలోకి ఎదురీదుతుంది, అక్కడ పులస అవుతుంది. పుస్తెలమ్మి అయినా తినమన్నారే, ఆ రుచి వెనక వరద ఉంది. గోదావరి నీరు వృథాగా సముద్రం పాలవుతోందని మైకు పట్టుకున్న ప్రతి నాయకుడూ అంటాడు. నదిలో ఎంత ఆపాలన్నది వేరే చర్చ, నాకు రైతుల మీద కోపం లేదు. వృథా అన్న మాట మాత్రం తప్పు. కోరింగ మడ అడవుల్లో పెరిగే రొయ్య పిల్లకు, ఇలసకు ఆ నీరు వృథా కాదు.

పైన మూత గురించే ఇంతసేపు చెప్పాను. కింద నేల కూడా ఒకటుంది, దాన్ని చాలామంది మర్చిపోతారు. బంగాళాఖాతంలో సుమారు వంద మీటర్ల కింద నుంచి కొన్ని వందల మీటర్ల మందాన నీటిలో ఆక్సిజన్ దాదాపు ఉండదు. పై నుంచి రాలినవన్నీ అక్కడ కుళ్ళి ఆక్సిజన్ తినేస్తాయి, మూత వల్ల కొత్త గాలి కిందికి దిగదు. సూర లాంటి పరుగు చేపకు ఆక్సిజన్ బాగా కావాలి. అందుకని అది కొద్దిసేపు కిందికి దూకి వచ్చినా, కాపురం మాత్రం పై పొరల్లోనే. ఒక రకంగా ఇది వేటగాడికి లాభం: చేప ఇరుకు గదిలో దొరుకుతుంది. అనకాపల్లి జిల్లా పూడిమడక వాళ్ళు చిన్న బోట్లలో వెళ్ళి గేలంతో అంత పెద్ద సూరల్ని పట్టుకొస్తారంటే వాళ్ళ నేర్పు మొదటి కారణం, ఈ ఇరుకు గది రెండోది. విశాఖ దగ్గర తీరం నుంచి కొద్ది దూరానికే లోతు పెరగడం మూడోది.

ఆక్సిజన్ లేని ఈ చెడ్డ నీరు ఊటతో పాటు తీరానికి ఎక్కితే అడుగు చేపలు, రొయ్యలు ఒడ్డు వైపుకు తరుముకొస్తాయి. కేరళలో వానాకాలంలో చాకర అని బురద తిన్నెల దగ్గర అలలు చచ్చి సముద్రం చెరువులా మారుతుంది, చేపలు కుప్పలుగా వస్తాయి. చేప వచ్చిందంటే ప్రతిసారీ మేత కోసమే అనుకోకూడదు. ఊపిరి కోసం పారిపోయి వచ్చిన చేప కూడా వలలో పడుతుంది.

రాత్రి సంగతి ఒక్క మాటలో. పొద్దు వాలే వేళ మా నౌకలో, శబ్దం పంపి లోతున ఏముందో చూపే ఎకోసౌండర్ తెర మీద లోతు నుంచి ఒక మబ్బు పైకి లేవడం కొన్ని వందల సార్లు చూశాను, ప్రతిసారీ పని ఆపి చూశాను. పగలు చీకట్లో దాక్కున్న జంతు ప్లవకాలు, చిన్న దీప చేపలు మేతకు పైకి వస్తాయి, తెల్లారేలోపు దిగిపోతాయి. వాటి వెంట పెద్ద చేప. అదే చోట పగలు ఖాళీ వల, రాత్రి నిండు వల పడడానికి ఇంతకంటే రహస్యం లేదు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ, హైదరాబాదులోని ఇన్‌కాయిస్ 1999 నుంచి ఉంది. చేపల జాడ చెప్పడానికి వాళ్ళు చూసేవి ముఖ్యంగా రెండు: ఉపగ్రహం కొలిచిన నీటి పై వేడి, నీటి రంగులోంచి లెక్కగట్టిన క్లోరోఫిల్, అంటే ప్లవకాల పచ్చదనం. ఈ రెండూ ఒక్కసారిగా మారే గీత ఎక్కడుందో చూసి, ఫలానా రేవు నుంచి ఫలానా దిక్కుకు, ఇన్ని కిలోమీటర్లకు, ఇంత లోతులో అని చెబుతారు. గీతకే ఎందుకంత విలువంటే, రెండు రకాల నీళ్ళు కలిసే చోట తేలేవన్నీ ఒక వరసలో పోగవుతాయి. మీరు చూసే ఉంటారు, నురగ, నాచు, చెత్త ఒక తాడులా సాగి, ఒక పక్క నీలం, ఒక పక్క పచ్చ. పైన పక్షులు. ప్లవకాలు కూడా ఆ తాడు వెంటే పోగవుతాయి, కవళ్ళు వాటి వెంట వస్తాయి, ఆ పక్కనే తేట నీటి వైపు సూర కాచుకుని ఉంటుంది. సూరకు కళ్ళే ఆయుధం, బురద నీరు దానికి పనికిరాదు. కాబట్టి గీతకు ఏ పక్క వల వేస్తున్నారన్నది మీ వేట ఏ చేపకో దాన్ని బట్టి ఉంటుంది. ఒకే జాడ పట్టుకుని రెండు బోట్లు వెళ్ళి ఒకటి నిండి, ఒకటి ఖాళీగా రావడం నేను చూశాను.

ఖాళీ రోజులకు నాకు తెలిసిన కారణాలు చెబుతాను. గీత నిలబడి ఉండదు, ప్రవాహంతో జరుగుతుంది. నిన్నటి జాడకు ఈరోజు వెళితే అది పది ఇరవై కిలోమీటర్లు పోయి ఉండవచ్చు. ఉత్తరానికి పోయే కాలమా దక్షిణానికి పోయే కాలమా చూసుకుని ఆ వైపు వెతకాలి. రెండోది మబ్బు. మబ్బు కింద ఏముందో ఈ ఉపగ్రహాలకు తెలియదు, అందుకే వానాకాలంలో జాడలు తగ్గిపోతాయి. మూడోది అసలైనది, ఆలస్యం. వృక్ష ప్లవకాలు ఒకటి రెండు రోజుల్లో రెట్టింపవుతాయి. కోపిపాడ్లు పుట్టి పెరగడానికి రెండు మూడు వారాలు పడుతుంది. చేప మంద వాసన పట్టి రావాలి. పచ్చబడిన మర్నాడు వెళితే పొయ్యి మీద ఎసరు పెట్టగానే విస్తరి వేసుకుని కూర్చున్నట్టే. తుపాను తర్వాత వెంటనే కాదన్నది ఇందుకే. వారం పది రోజులుగా ఒకే ప్రాంతంలో జాడ పదేపదే వస్తుంటే దాన్ని నమ్మండి. నిన్న పుట్టిన జాడకు డీజిల్ తగలేయొద్దు. ఇంకొకటి, ఈ సమాచారం పై నీటిలో తిరిగే చేపకే. అడుగున ఉండే రొయ్యకు, చందువకు దీన్ని పట్టుకుని వెళ్ళి తిట్టుకోవడం న్యాయం కాదు.

పచ్చదనమంతా మేత కూడా కాదు. ఒకసారి పటంలో గోదావరి ముఖం దగ్గర ఎర్రగా మెరిసిపోతున్న మచ్చ చూసి, పెద్ద పంట దొరికిందని నౌక అటు తిప్పించాను. పటం చదివింది నేనే, ఇంకొకరి మీద తోయడానికి లేదు. తీరా వెళితే ఎర్ర బురద. ఉపగ్రహం బురదను చూసి పచ్చదనం అనుకుంది, నేను దాన్ని నమ్మాను. వల నిండా జెల్లీ చేపలు, చేతులంతా దురద. మా సరంగు మూడు రోజులు నవ్వాడు. ఇంకోసారి ఫిబ్రవరిలో, రంపపు పొట్టు చల్లినట్టు నీళ్ళ మీద గోధుమ రంగు తెట్టు మైళ్ళ దూరం ఉంది. అది ట్రైకోడెస్మియం అనే ప్లవకం, గాలిలోని నైట్రోజన్‌ను తానే ఎరువుగా చేసుకోగలదు కాబట్టి మూత గట్టిగా ఉన్న ప్రశాంతమైన నీటిలోనే పండుతుంది. ఎక్కువ చేపలకు అది రుచించదు.

వేడి పెరిగే కొద్దీ ఈ పటమే మారుతోంది. నూనె కవ్వ ఒకప్పుడు దాదాపు మలబారు సొత్తు. 1980ల నుంచి తమిళనాడు, ఆంధ్ర తీరాల్లో పడడం పెరిగింది. మీ తాతగారిని అడిగితే, తన చిన్నప్పుడు అంతగా చూడలేదనే అంటారనుకుంటున్నాను. కానగడత పై నీటి చేపగా పేరు, ఇప్పుడు అడుగు వలల్లో కూడా పడుతోంది. దాని శాస్త్రనామం రాస్ట్రెల్లిజర్ కానగుర్త. ఆ రెండో ముక్క మన తెలుగే. పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నంలో రెండు వందల చేపలకు బొమ్మలు వేయించి, మనవాళ్ళు పిలిచే పేర్లతో 1803లో అచ్చు వేయించాడు. అందులోంచి ఆ పేరు ప్రపంచమంతా పోయింది.

ఇక మీ నాన్నగారి చెయ్యి. అది మూఢనమ్మకం కాదు. మార్చి నుంచి మే దాకా ఊట వస్తే తీరపు నీరు డిగ్రీ రెండు డిగ్రీలు చల్లబడుతుంది. ఏళ్ళ తరబడి అదే నీటిలో చెయ్యి పెట్టిన మనిషికి ఆ తేడా తెలుస్తుంది, నేను థర్మామీటరుతో పక్కన నిలబడి చూశాను. అయితే వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు కాబట్టి ఆ విద్య పనికొచ్చే రోజులు తక్కువ. నవంబరు నుంచి జనవరి దాకా మాత్రం జాగ్రత్త. చలికాలంలో ఉత్తరం నుంచి వచ్చే తీపి నీటి పొర పైన చల్లగా ఉంటుంది, దాని కింద ఉప్పు నీరు వెచ్చగా ఉంటుంది. మామూలు సముద్రానికి ఇది తలకిందులు. అప్పుడు చేతికి చల్లగా తగిలింది ఊట కాదు, మూతే. అందుకని ఏ నెలలోనైనా చెయ్యితో పాటు నాలుక మీద ఒక చుక్క వేసుకుని చూడమనండి. చల్లగా ఉండి ఉప్పు గట్టిగా తగిలితే కింది నుంచి వచ్చిన నీరు. చల్లగా ఉండి చప్పగా ఉంటే అక్కడ వల దించకుండా ఇంకాస్త లోపలికి, నీటి రంగు మారే గీత దాకా పొమ్మనండి. ఆయన ఇప్పటికే అలా రుచి చూస్తున్నారేమో కూడా అడిగి రాయండి. అడగకుండా వాళ్ళు చెప్పరు.